అది ఇప్పపువ్వు వాసన కాదు

మెసేజ్ వచ్చినప్పుడు కారులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఒళ్ళో పెట్టుకున్న ఫోను చిన్నగా వణికింది, చూస్తే పామాయిల్ మిల్లు ఆఫీసు నుంచి మూడే మూడు ముక్కలు, మీరు ల్యాబ్ అసిస్టెంటుగా ఎంపికయ్యారు, సోమవారం ఉదయం తొమ్మిదింటికి అసలు సర్టిఫికెట్లతో హాజరు కావాలి, అభినందనలు. అభినందనలు అన్న మాటను నాలుగుసార్లు చదివాను. తర్వాత "రవీ!" అని అరిచి పక్కకు తిరిగాను. పక్కన ఖాళీ సీటు, స్టీరింగు మీద అతను ఆరేసిన చేతిరుమాలు. రవి మెకానిక్ కోసం వెళ్ళి అప్పటికే ఇరవై నిమిషాలైంది. అయినా సంతోషం ఊరుకోదు కదా, ఎక్కడో ఒకచోట దించుకోవాలి, వంగి హారన్ నొక్కాను, రెండుసార్లు, పొడుగ్గా. బండి చచ్చినా హారన్ మాత్రం పెళ్ళి బ్యాండులా మోగింది. రోడ్డవతల ఆకులు రాలిన టేకు కొమ్మ మీద కొండముచ్చు ఒకటి ఉలిక్కిపడి నా వైపు చూసింది. నాకు ఉద్యోగమొచ్చింది అని దానికే చెప్పాను, అద్దంలోంచి. అది తోక సర్దుకుని అవతలికి తిరిగి కూర్చుంది.

ఫోను చేద్దామంటే సిగ్నల్ గీతలు లేవు. ఎక్కడి నుంచో ఒక్క గీత వచ్చి మెసేజ్ నా ఒళ్ళో పడేసి పోయింది. ములకలపల్లి ఇంకా ఎనిమిది కిలోమీటర్లుందని రవి అన్నాడు. అటు పోయే మోటార్‌సైకిలాయన ముందు యూరియా బస్తా ఉంది, వెనక ఒక్కరికే చోటు, రవి ఎక్కాడు. నేను ఎక్కినా ఈ సామానును ఎవరు చూస్తారు, కారు నిండా మా సంసారమే ఉంది. గ్యాస్ పొయ్యి, చుట్టిన పరుపు, అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందె, ఒకదాంట్లో ఒకటి ఇరికించిన రెండు ప్లాస్టిక్ కుర్చీలు, నా డిగ్రీ కాగితాల ఫైలు. అశ్వారావుపేటలో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. పెళ్ళయి నలభై ఒక్క రోజులు. ఇన్నాళ్ళూ ఖమ్మంలో రవి అన్నగారింట్లో ఉన్నాం. రవి అదే మిల్లు తరఫున పామాయిల్ తోటలు తిరిగే ఫీల్డ్ అసిస్టెంటు, సోమవారం పోయి శనివారం వచ్చేవాడు. ఈ రోజు నుంచి మా ఇల్లు మాకు. ఆ తలుపుకు రెండు తాళంచెవులు, ఒకటి నాది, పొద్దుటి నుంచి దాన్ని ఎన్నిసార్లు తడుముకున్నానో. "తలుపులు ఏసుకో హేమా, జల్దీ వస్త" అన్నాడు పోయేటప్పుడు. అంటూ నా మొహం మాత్రం చూడలేదు.

అదే ఇందాకటి నుంచి గుచ్చుతోంది. ఉద్యోగం వచ్చిందన్న సంగతి ఒకవైపు గంతులేస్తోంది, అది మాత్రం కదలకుండా అక్కడే ఉంది. బండి ఆగిన కొత్తలో రెండు నిమిషాలు సిగ్నల్ ఉంటే రవి వాళ్ళన్నకు ఫోన్ చేశాడు, స్పీకర్ పెట్టి. చందూలాల్ బావగారిది కార్ల గ్యారేజీ. పోయిన ఆదివారమే ఈ బండిని చూసి, పెద్ద రోగమేమీ లేదని పంపించారు. "అన్నా, ఇంజను చప్పుడు చేసి ఆగిపోయింది, పొగొచ్చింది, కూలెంట్ డబ్బా చూస్తే చుక్క లేదు" అని రవి చెప్తుండగానే అటు నుంచి గొంతు, "వేడి సూది చూసుకోలేదార? ఎర్ర గీత దాటేదాక ఏం చేస్తున్నవ్ నువ్వు?" ఒక్క క్షణం ఆగి, గ్యారేజీలో అందరికీ వినపడేట్టు, "అవ్‌లే, కొత్త పెండ్లాం పక్కన కూసుంటే సూది యాడ కనబడ్తది రవిగా! బండి కాల్చుకున్నవ్. తప్పు నీదే, నా రిపేర్ల ఏం లేదు." వెనక ఎవరో పెద్దగా నవ్వారు. లైను తెగింది. రవి ఫోను జేబులో పెట్టుకుని, లేపి ఉన్న బానెట్ వైపే చూస్తూ, "నువ్వు గట్ల నవ్వించకపోతే..." అన్నాడు. అంతే. మిగతాది అనలేదు. మొత్తం అనేసి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని, ఇద్దరం కాసేపు పోట్లాడుకుని, నీళ్ళు తాగి, ఊరుకునేవాళ్ళం. సగం మాటకు ఏమని జవాబు చెప్పను?

నవ్వించాను, నిజమే. కొత్తగూడెం దాటాక నారింజకాయ ఒలిచి ఒక్కో తొనకు ఒక్కో ప్రశ్న వేశాను. మన ఇంట్లో మొదట ఏం వండాలి, కుర్చీలు రెండే ఉన్నాయి కదా మూడో మనిషొస్తే ఎవరు నిలబడాలి, పరుపు ఏ గోడవైపు వెయ్యాలి. చివరి దానికి జవాబు చెప్పలేక అతను ఎర్రబడ్డాడు, ఆ తొన నేనే తిన్నాను. అయితే రవి రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు, సూది మీది నుంచి కూడా తిప్పలేదు. సూది నేనూ చూశాను. అది ఎర్ర గీత దగ్గరికే పోలేదు. మామూలుగా సగంలో ఉండేది, ఈ రోజు కిందికి, చల్లని వైపుకు దిగిపోయి ఉంది. "చూసినవా, అన్న చెయ్యి పడ్డంక బండి ఎంత చల్లగ నడుస్తాందో" అని రవే మురిసిపోయాడు. అప్పుడు నాకూ అట్లాగే అనిపించింది. ఇప్పుడు, ఈ ఎండలో, ఏమీ తోచక ఆ సూదినే చూస్తూ కూర్చుంటే తెలుస్తోంది. లోపల నీళ్ళుంటే కదా సూది వేడి చూపించేది. ఖాళీ గిన్నెలో థర్మామీటరు వేలాడదీసి పొయ్యి మీద పెడితే, గిన్నె మాడిపోతున్నా అది చల్లగానే ఉందంటుంది. రవి తప్పేం లేదు. నా నవ్వుల తప్పు అసలే లేదు. అయితే ఈ మాట ఎవరికి చెప్పాలి, కొండముచ్చు కూడా లేచిపోయింది.

బావగారి మాట ఈ పాటికి గ్యారేజీ దాటి ఉంటుంది. ఆయన నవ్విస్తూ చెప్తే ఏ మాటైనా నిలిచిపోతుంది. సాయంత్రానికి ఇంటికి, రేపటికి తండాకు, వచ్చే తీజ్ పండగ నాటికి చుట్టాలందరికీ చేరుతుంది. ఫలానా రవికుమార్, కొత్త పెండ్లాం మొహం చూస్తూ బండి కాల్చుకున్నోడు. నాకు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యాక కూడా ఏదో పెళ్ళి పందిట్లో ఎవరో ఒకరు చెప్తారు, అందరూ నవ్వుతారు, రవీ నవ్వుతాడు. నవ్వుతూనే, సగం నమ్ముతాడు. నాకు భయం ఆ సగం గురించే.

ఈ బండిలో ఏదో వాసన వస్తోందని మొదట పట్టింది నేనే. రెండు వారాల కింద, శనివారం, రవి అశ్వారావుపేట నుంచి వస్తూ ఒక పెద్ద మూట తెచ్చాడు. తోటలు చూడ్డానికి పోయిన ఊళ్ళో బొజ్జయ్య అనే రైతు ఇచ్చాడట, ఇప్పపువ్వు, మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులంటే ఉడికించుకుని తినమని. మూటను ముందు సీటు కింద, కాళ్ళు పెట్టుకునే చోట పెట్టాడు. మర్నాడు నేను బండెక్కితే తియ్యటి వాసన, ఘాటుగా, మొహానికి తగిలింది. నాకు చాలా బాగుంది, కొత్త పెళ్ళికూతురికి కారు కూడా పూల వాసన కొడుతోందని ఎంత మురిశానో. చెప్పులు విప్పి కాళ్ళు కిందపెడితే చల్లగా తగిలింది, కార్పెట్ తడి. మెట్టెలు తడిసి మెరుస్తుంటే వాటిని ఒకదానికొకటి తాటించి చప్పుడు వింటూ కూర్చున్నాను. పనీపాటా లేని సంతోషం. మూట అత్తగారికి చేరింది, ఉడికింది, సగం పంచిపెట్టారు. కారులో వాసన మాత్రం పోలేదు. బుధవారం రవికి ఫోన్లో చెప్పాను, ఆ వారం అతను బస్సులో పోయాడు, బండి ఇంటి ముందే ఉంది, నేను సాయంత్రాలు పోయి అందులో కూర్చునేదాన్ని. ఎందుకంటే ఆ ఇంట్లో నేను మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగిన చోటు అదొక్కటే. అద్దాలు ఎత్తుకుని అమ్మతో మాట్లాడేదాన్ని, మిరపకాయ కల్లంలో ఎండిందా, జమ్లి అని పేరు పెట్టి పిలిచే దూడ పాలు తాగుతోందా అని. అమ్మ పేరు కూడా జమ్లే, దూడకు తన పేరు పెట్టాడేమిటని నాన్నతో రోజూ గొడవ.

ఆ ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అది చెప్పాలి. అత్తగారు ద్వాలి, ఒక్కరోజు కూడా నా చేత బరువు మోయించలేదు. తోటికోడలు సంగీతక్క నా జడ అల్లేది. కానీ వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది, కొత్త కోడలు ఏడాది నిండేదాకా భర్త అన్నగారితో నేరుగా మాట్లాడదు. కొంగు తల మీదికి లాక్కుని పక్కకు తప్పుకుంటుంది, చెప్పాల్సింది ఎవరితోనైనా చెప్పిస్తుంది. బావగారూ అంతే, నాతో చెప్పాల్సింది గోడకో గడపకో చెప్తారు. ఎవరూ లేనప్పుడు ఒకసారి నేను ఫ్రిజ్‌కు చెప్పాను, అన్నం పెట్టాను, చల్లారుతోంది అని. ఆయన ఫ్రిజ్ వైపే చూసి, వస్తాన్న అని చెప్పు అన్నారు. సంగీతక్క ఆ సంగతి విని పొట్ట పట్టుకుని నవ్వింది. "చెల్లె, నీ మాటలు మోసీ మోసీ నా నోరు అరిగిపోతాంది. ఇగ మాటకింత అని కిరాయి తీసుకుంట" అనేది. నేనూ నవ్వాను. నెల రోజులు అది నాకు ఆటలాగే ఉంది. డిగ్రీలో సెమినార్‌కు మైకు పట్టుకుని ఇరవై నిమిషాలు మాట్లాడిన పిల్లను, ఇప్పుడు నా గొంతు ఎట్లా ఉంటుందో ఒక ఇంటి యజమానికి తెలియదు, తమాషాగా ఉంది కదా అనుకున్నాను. ఆదివారం గ్యారేజీలో మాత్రం తమాషాగా అనిపించలేదు.

ఆ రోజు నేను బండి పక్కనే నిలబడ్డాను, తల మీద కొంగు. బావగారు చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు తలుపు తీశారు. "తడి అయితాందన్నా" అన్నాడు రవి. "ఏసీ నీళ్ళు. బయటికి పోయే పైపు మట్టితోటి బంద్ అయితది, లోపలికి కారుతది" అన్నారు ఆయన. నేను రవి మోచెయ్యి గిల్లాను, వాసన సంగతి చెప్పు అని. "అన్నా, ఏదో తియ్యటి వాసన వస్తాందంటాంది" అన్నాడు రవి, నా పేరు ఎత్తకుండా. బావగారు పెద్దగా నవ్వారు. "ఇప్పపువ్వు మూట అదే జాగల పెట్టి తెస్తివి, మల్లెపువ్వు వాసనొస్తదారా? తడికి పువ్వు రసం దిగింది. బండికి జర నిషా ఎక్కింది, నువ్వు భద్రం!" అక్కడున్న వాళ్ళందరూ నవ్వారు, రవి నవ్వాడు, కొంగు కింద నేనూ నవ్వాను. ఆయన పైపు ఊది శుభ్రం చేశారు, టైర్లలో గాలి చూశారు, తమ్ముడి బండని అద్దాలు కూడా తుడిపించారు. ప్రేమ లేక కాదు. ఏటా ఎండాకాలం వస్తే ఈ దారిలో తిరిగే ప్రతి బండిలోనూ ఇప్పపువ్వు వాసనే, ఇంక వేరే తియ్యటి వాసన ఉంటుందని ఎవరికి తోస్తుంది.

నాకు తోచింది. అదీ నన్ను తినేస్తున్నది. ముందు అద్దం మీద లోపలి వైపు సన్నటి పొర పట్టేది, మంచులాగా. దాని మీద వేలితో రవి అని రాశాను, పక్కన నా పేరు రాశాను, రెండింటి చుట్టూ గుండ్రంగా గీశాను. తర్వాత ఎవరైనా చూస్తారని తుడవబోతే అది పోలేదు, జిడ్డుగా వేలికి అంటుకుంది. ఆవిరైతే తుడిస్తే పోతుంది. బొటనవేలితో రాసి చూశాను, జారింది. ఖమ్మంలో మా కాలేజీ ల్యాబ్, కిటికీ పక్క బల్ల, గ్లైకాల్ సీసా మూత తీసి నిర్మలాదేవి మేడమ్ అందరి ముక్కుల ముందూ తిప్పింది, "తియ్యగుందని మోసపోవద్దు, నాలుకకు తగిలిందా దవాఖానాకే" అన్నది. అదే వాసన. ఇంజను చల్లబడ్డానికి కార్ల రేడియేటర్లో పోసే పచ్చటి నీళ్ళలో, ఆ కూలెంట్‌లో, అదే ఉంటుందని పరీక్షలో రాశాను కూడా, రెండు మార్కుల ప్రశ్న. వేడి గాలి పంపే గొట్టం డ్యాష్‌బోర్డు వెనక ఎక్కడో కారుతోందని, ఆ తడి నీళ్ళ తడి కాదని, ఆదివారం గ్యారేజీలో నిలబడి ఉన్నప్పుడే నాకు తొంభై పాళ్ళు తెలుసు. చెప్తే? ముప్పై ఏళ్ళు బండ్లు విప్పిన మనిషికి, నెల రోజుల కోడలు, అదీ నోరు విప్పకూడని కోడలు, రెండు మార్కుల ప్రశ్న చెప్తుందా? రాత్రికి రవితో చెబుదాం అనుకున్నాను. ఆ సాయంత్రం రవి కారు చుట్టూ ఒక రౌండు తిరిగి, కొత్త బండిలా ఉందని సంబరపడ్డాడు. ఆ సంబరం చెడగొట్టబుద్ధి కాలేదు. ప్రేమ అంటే ఇదేనేమో అని కూడా అనుకున్నాను, నా మొహం. మిల్లులో ఇంటర్వ్యూకు పోయినప్పుడు ముక్కూ మొహం తెలియని ఆఫీసరు రెండు సీసాల నూనె ముందు పెట్టి ఏది పాతది అని అడిగాడు. వాసన చూసి చెప్పాను. ఆయన తల ఊపి రాసుకున్నాడు. అంతే, అడిగాడు, చెప్పాను, రాసుకున్నాడు. అంత సులువుగా ఉంటుందా నమ్మడం?

కారు లోపల కుండలో ఉడికినట్టుంది. అద్దాలు దించాను. దూరంగా మోదుగుపూలు, చెట్టు కింద రాలినవి ఎండి వంకాయరంగుకు తిరిగాయి. ఎండుటాకుల మీద ఏదో నడిచింది, ఆగింది, మళ్ళీ నడిచింది. సంతోషం చెప్పుకోడానికి మనిషి లేకపోతే అది ఇట్లా బరువవుతుందని నాకు ఈ రోజే తెలిసింది. రవికి చెప్పాలి, ముందు రవికే చెప్పాలి, చెప్పేటప్పుడు అతను నా మొహం చూస్తాడా. చూడకుండా మంచిది అంటే? ఆ మంచిదిని ఏం చేసుకోను?

ఆకుల మీద నడిచింది మనిషే. పుల్లల చీపురు భుజాన వేసుకున్న ఒక ముసలామె రోడ్డెక్కి, కారు చుట్టూ తిరిగి, కిటికీలోంచి తొంగిచూసింది. "ఇందాక అరిచింది ఈ బండేనా? అడవిదున్న అనుకుని నా మనుమరాలు చెట్టెక్కింది" అన్నది. నాకు నవ్వు ఆగలేదు. అవతలి గూడెం ఆమెది, పేరు ముత్తక్క. రేపు తెల్లవారుజామున రాలే ఇప్పపువ్వు కోసం చెట్టు కింద ఆకులు ఊడ్వడానికి వచ్చిందట, శుభ్రంగా ఊడిస్తేనే పువ్వులో చెత్త కలవదని.

"ఒక్కదానివే ఉన్నవేంది బిడ్డా? నీ పెనిమిటేడి?"

"ములకలపల్లి పోయిండు పెద్దమ్మా, మెకానిక్ కోసం. నాకు కొలువొచ్చింది." ఎందుకు అన్నానో తెలియదు, రెండు మాటలూ కలిసి వచ్చేశాయి. మొదట రవికి చెప్పాలనుకున్నది, ఎప్పుడూ చూడని మనిషికి చెప్పేశాను.

"ఏం కొలువు?"

"నూనె మిల్లుల. నూనె మంచిదా చెడ్డదా చూసి చెప్పాలె. వాసన గిట్ల చూసి."

ముత్తక్క చీపురు కింద పెట్టి నడుం మీద చెయ్యి వేసుకుంది. "గదొక కొలువా! నా పుట్టుక నుంచి నేను గదే చేస్తాన్న, నాకెవ్వడు జీతమియ్యకపాయె." తర్వాత కిటికీలోంచి చెయ్యి పెట్టి నా తల మీద ఉంచింది. చేతికి ఎండుటాకుల పొడి. "సల్లగుండు బిడ్డా, మంచిగ చెయ్యి" అన్నది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుమ్ము పడ్డట్టు తుడుచుకున్నాను.

అప్పుడు అడగాలనిపించింది. తలుపు తీసి, కాళ్ళ దగ్గరి కార్పెట్ చూపించి, "పెద్దమ్మా, ఇది ఇప్పపువ్వు వాసనేనా? రెండు వారాల కింద మూట పెట్టినం ఈడ" అన్నాను. ఆమె వంగి, ముక్కు దగ్గరగా పెట్టి, ఒకసారి పీల్చింది. రెండోసారి పీల్చలేదు. "ఎవడన్నడు ఇప్పపువ్వని?"

"అందరూ."

"అందరికి ముక్కులు లేవా? తడిల పడ్డ ఇప్పపువ్వు మూడో నాటికి పులుస్తది. కల్లు వాసన కొడ్తది, ఈగలు ముసురుతయి. రెండు వారాలు తియ్యగ యాడ ఉంటది? ఇది పువ్వు కాదు, ఏందో మందు. కాలు తియ్యి బిడ్డా, కడుక్కో."

రెండు వారాలు తియ్యగా ఎట్లా ఉంటుంది. ఇంత చిన్న మాట. కెమిస్ట్రీ చదివిన నాకు రాలేదు, బండ్లు విప్పే బావగారికి రాలేదు, ఏటా ఇప్పపువ్వు ఉడికించే అత్తగారిని ఎవరమూ అడగలేదు. సీసాలో నీళ్ళు కాళ్ళ మీద పోసుకుంటూ నవ్వుతున్నాను, నాకు తొంభై పాళ్ళు తెలిసింది నూరు పాళ్ళయింది. ఈ మాట బావగారికి ఇప్పుడే చెప్పాలి, ఇంటికి పోయి కాదు, సంగీతక్క నోటితో కాదు. "ఇక్కడ ఫోను యాడ కలుస్తది పెద్దమ్మా?" అంటే ముత్తక్క వాగు మీది వంతెన పక్క బండరాయి చూపించింది. "దాని మీద నిలబడు. మా గూడెమంత ఆడనే మాట్లాడ్తరు."

రాయి ఎక్కాను. రెండు గీతలు. బావగారి నంబరు నా ఫోన్లో ఉంది, ఎప్పుడూ నొక్కలేదు. మోగుతుంటే చెయ్యి దానంతటదే కొంగు తల మీదికి లాగింది, అడవిలో, రాయి మీద, ఎవరికి కనపడాలని. "హలో" అన్నారు. "బావగారూ, నేను హేమలతను" అన్నాను. అటువైపు స్పానరో ఏదో కింద పడ్డ చప్పుడు. "రవికియ్యి" అన్నారు, నాకు కాదు, ఇంకెవరికో చెప్తున్నట్టు. "రవి లేడు. నేనే చెప్తాన్న. సూది ఎర్ర గీత దాటలేదు, కిందికి పడిపోయింది. నీళ్ళు లేకుంట అయినయి, అందుకని. కార్పెట్‌ల ఉన్నది ఏసీ నీళ్ళు కాదు, కూలెంట్. ఆ వాసన ఇప్పపువ్వుది కాదు." నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "పక్కన ఎవరన్న ఉంటే వాళ్ళకియ్యమను" అన్నారు. అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకు కోపం కాదు. నాతో ఎట్లా మాట్లాడాలో ఆయనకూ తెలియదు. కింద నిలబడి అంతా వింటున్న ముత్తక్క చెయ్యి చాపింది, ఫోను అందించాను. "ఓ అయ్యా! ఇప్పపువ్వు సంగతి మాకు చెప్తవా? పిల్ల నిజం చెప్తాంది, ముక్కు పెట్టి చూసుకో!" అన్నది. "రవిని ఫోన్ చెయ్యమను" అని ఆయన పెట్టేశారు. ముత్తక్క ఫోను తిప్పి చూసి, "పారిపోయిండు" అన్నది. చీపురు భుజాన వేసుకుని చెట్ల మధ్యకు నడిచింది. కాసేపు చీపురు చప్పుడు వినపడింది, తర్వాత అదీ లేదు.

రాయి మీదే కూర్చున్నాను. కొంగు జారిపోయింది, మళ్ళీ లాక్కోలేదు. అమ్మకు చేద్దామా అనుకుని, ఆగాను. నా గొంతు ఏడ్చినట్టు వినపడితే అమ్మ కల్లం వదిలేసి బస్సెక్కుతుంది. నేను ఏడవడం లేదు. నలభై ఒక్క రోజుల తర్వాత మాట్లాడాను, అవతల తలుపు మూసుకుంది, అంతే. కాళ్ళ కింద వాగులో నీళ్ళు లేవు, గులకరాళ్ళు తెల్లగా.

నాలుగు దాటాక ట్రాక్టర్ వచ్చింది. గంగయ్య అనే ఆయన తోలుతున్నాడు, పక్కన మడ్‌గార్డు మీద రవి, చేతిలో చల్లటి నీళ్ళ సీసా, నా కోసం. "మెకానిక్ లేడు హేమా, గంగయ్యన్న ములకలపల్లి దాక గుంజుకపోతడు. ఆడ షెడ్డుల ఇప్పిద్దాం, అన్నకు చెప్పకుంటనే" అంటూ తాడు విప్పుతున్నాడు. "రవీ, నాకు ఉద్యోగమొచ్చింది" అన్నాను. తాడు కింద పడేశాడు. ఒక్క అంగలో వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు, ఇప్పుడు చూశాడు నా మొహం, నిండుగా చూశాడు. "అరె! నిజంగనా? మరి మెసేజ్ చూపియ్యి!" గంగయ్య ట్రాక్టర్ మీది నుంచి, "మరి మాకు మిఠాయి లేదా చెల్లె?" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వు అయిపోయింది, ఆ సగం మాట అట్లాగే ఉంది, మా ఇద్దరి మధ్య, చేతులు పట్టుకునే ఉన్నా.

"సూది ఎక్కడుండె రవీ?" అన్నాను.

అతను చేతులు వదల్లేదు, చూపు వదిలాడు. "కిందనే ఉండె."

"మరి అన్నకు ఎందుకు చెప్పలే?"

"అన్న మాట్లాడ్తాంటే మధ్యల నేనెప్పుడన్న మాట్లాడిన్నా హేమా?" చాలా మెల్లగా అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉన్నాడు. అతని మీద ఏ కొంగూ లేదు, అయినా ఇరవై ఎనిమిదేళ్ళు. నోరు విప్పలేనిది నేను ఒక్కదాన్నే అనుకున్నాను.

ముత్తక్క చెప్పింది చెప్పాను, పులుపు సంగతి, మూడో నాటి సంగతి. రాయి మీది నుంచి ఫోన్ చేశానని చెప్పాను. రవి మొహం పాలిపోయింది. "అన్నకా? నువ్వా? ఏమన్నడు?"

"పెట్టేసిండు. ఫోను పెట్టెయ్యొచ్చు, గ్యారేజీ మూసుకుని యాడికి పోతడు?"

గంగయ్య తాడు కట్టి, ఎటు లాగాలని చూస్తున్నాడు. రవి నా వైపు చూస్తున్నాడు. ఈ రాత్రికి బండి ములకలపల్లిలోనే ఉంటుంది, ఎవరూ బానెట్ ఎత్తరు, ఎవరూ కార్పెట్ ముట్టరు, మేము బస్సులో సామానుతో ఇల్లు చేరతాం, ఇదంతా నాకు అప్పటికప్పుడు వరసగా కనపడింది.

"రేపు ఆదివారం, మధ్యాహ్నం దాక బావగారు గ్యారేజీల ఉంటరు" అన్నాను. "పొద్దున్నే లేచి బండిని ఉన్నదున్నట్టు ఖమ్మం గుంజుకపోదాం. కార్పెట్ ఆయనతోటే ఎత్తిపిస్త. ఆయన ఎదురుంగ నిలబడి వాసన సంగతి నేను చెప్త. సూది సంగతి నువ్వు చెప్పాలె."